పప్పు ఎవరి కోసం నానింది?

కిందటి వారం మనం వసుమతిని షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఆమె వంటింటి బల్ల దగ్గర, కూనిరాగం తీస్తుండగా వదిలేసి వచ్చాం. తియ్యదూ మరి! తెలుగు సంఘం ఎన్నిక వచ్చే ఆదివారం. తిరగాల్సిన ఇళ్ళన్నీ తిరగడం అయిపోయింది. తిరిగిన ప్రతి ఇంట్లోనూ "మా ఓటు డాక్టర్ విజయశ్రీ గారికే, మీరు నిశ్చింతగా ఉండండి" అని మాటిచ్చారు.

ఈ వారమే మన కథలో అడుగుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. సంఘానికి ఇప్పటి ప్రెసిడెంటు శ్యామ్‌సుందర్. అతను నవ్వితే పక్కవాళ్ళకి కూడా నవ్వొస్తుంది, అలాంటి మనిషి. మళ్ళీ నిలబడ్డాడు. గెలిస్తే సంఘం డబ్బుతో సినిమా తారల్ని రప్పించి పెద్ద నైట్ చేస్తానంటున్నాడు. విజయశ్రీ గెలిస్తే అదే డబ్బుతో ఒక వ్యాన్ కొనాలని వసుమతి వర్గం పట్టు. పిల్లల దగ్గర ఉండే పెద్దవాళ్ళు, కారు నడపడం రానివాళ్ళు, వారానికి రెండుసార్లు అది ఎక్కి ఒకరింటికి ఒకరు వెళ్ళొచ్చు, మనవాళ్ళ కొట్లుండే డెవాన్ వీధిలో కూరలు కొనుక్కోవచ్చు, లైబ్రరీలో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. వీళ్ళిద్దరి మధ్యా మూడోవాడు రామమోహన్. వరంగల్ మనిషి, రెండు ప్రింటింగ్ షాపులున్నాయి. తన వైపు పిల్లల్ని ఏ పండక్కీ స్టేజి ఎక్కనివ్వలేదన్న కోపంతో నామినేషన్ వేశాడు.

వ్యాన్ ఆలోచన అసలు వసుమతిది. కారణం ఆమె ఇంట్లోనే ఉంది. పేరు కోటమ్మ, వరసకి అత్తగారు. ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ పొద్దున్నే శాలువా కప్పుకుని బస్సెక్కేది, గుజరాతీ కొట్టువాడితో తెలుగులోనే బేరమాడేది, దారిలో కనబడ్డ అందర్నీ పలకరించి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. వసుమతి భర్త ఉదయ్‌కి షికాగో దగ్గర ఉద్యోగం వచ్చి అందరూ ఇటు వచ్చేశాక, గడప దాటితే గడ్డి, గడ్డి దాటితే రోడ్డు, రోడ్డు మీద నడిచే మనిషన్నవాడు లేడు. "మంచు పడకముందే నాకు తెనాలికి టికెట్ బుక్ చేయించరా. ఈ కుర్చీలో కూర్చుని కూర్చుని నేనూ కుర్చీనైపోతున్నాను" అని కొడుకుతో చెప్పేసింది. వ్యాన్ వస్తే ఉంటుంది, లేకపోతే వెళ్ళిపోతుంది. అత్తగారు వెళ్ళిపోతానంటే పండగ చేసుకునే కోడళ్ళు లోకంలో ఉంటారేమో గానీ వసుమతి ఆ రకం కాదు. ఆవిడ లేని ఇంట్లో తనతో సరిసమానంగా పోట్లాడే మనిషి ఉండదని ఆమెకి బెంగ.

ఇక ఇల్లిల్లూ తిరిగే విద్య ఆమెకి లెస్టర్‌లోనే అబ్బింది. డెబ్భై తొమ్మిది ఎన్నికల్లో లేబర్ పార్టీ తరఫున వీధులు తిరిగింది. నేర్పింది మిసెస్ ప్లంకెట్ అనే పెద్దావిడ. ఆ వార్డులో పార్టీ పనులన్నీ ఆవిడ చేతిమీదుగానే నడిచేవి. "తలుపు దగ్గర వాదించకు. మనసులు మార్చడానికి కాదు మనం వెళ్ళేది. మనవాళ్ళెక్కడున్నారో వెతకడానికి. ఓటింగ్ రోజున వాళ్ళని ఇంట్లోంచి బయటికి తీసుకొస్తే చాలు. ఎదుటివాళ్ళని పడుకోనివ్వు" అని ఆవిడ మంత్రం. మనవాళ్ళ పేరు దగ్గర ఎర్ర పెన్సిల్, వాళ్ళవాళ్ళ, అంటే కన్జర్వేటివ్‌ల, పేరు దగ్గర నీలం పెన్సిల్, ఊగిసలాడే వాళ్ళకి మామూలు పెన్సిల్. ఇంగ్లీషువాళ్ళు ఆ విషయంలో మహానుభావులు. "సారీ లవ్, మా ఇంట్లో అందరం నీలమే" అని నవ్వుతూ చెప్పి తలుపు వేసేవాళ్ళు. మొహం మీద తలుపు పడితే పడింది గానీ లెక్క తేలిపోయేది.

షామ్‌బర్గ్‌లో వసుమతి అచ్చం అదే పద్ధతి నడిపింది. ఉన్నవి రెండు వందల పైచిలుకు ఓట్లు. కార్డుల నిండా ఎర్ర గీతలే. నీలం పెన్సిల్ కొన్నప్పుడెలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. అది చూసైనా ఆమెకి అనుమానం రావాల్సింది, రాలేదు. గెలుపు వాసన తగిలిన ముక్కుకి ఇంకో వాసన తెలియదు.

ఎన్నిక ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం పొద్దున్న బెల్ మోగింది. తలుపు తీస్తే శ్యామ్‌సుందర్ భార్య రేణు, చేతిలో పసుపు చేమంతుల కుండీతో.

"వసూ, ఓట్లడగడానికి వచ్చానే. లోపలికి రానిస్తావా, ఇక్కడే అడిగెయ్యనా?"

"అయ్యో, అదేం మాట! రా, రా."

వసుమతి గబగబా కార్డుల మీద పేపరు కప్పేసి రేణుని కూర్చోబెట్టింది. పొయ్యి మీద బాండీ పెట్టి, శనగపిండి కలిపి, బంగాళాదుంప చక్రాలు తరిగి బజ్జీలు వెయ్యడం మొదలుపెట్టింది. ఎందుకు వేస్తోందో ఆలోచించనే లేదు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి.

"ఇప్పుడివన్నీ ఎందుకే?" అంటూనే రేణు రెండోది అందుకుంది. "నిజం చెప్పనా? ఏదో మర్యాదకి వచ్చాను గానీ మాకేం బెంగ లేదు. మా ఆయన అందరికీ ఫోన్ చేశారు. ప్రతివాళ్ళూ మా ఓటు మీకే అన్నారు."

"ప్రతివాళ్ళూనా?"

"ఒక్క సీతమ్మ పిన్నిగారు తప్ప. ఆవిడ 'పోయిన ఉగాదికి పులిహోరలో ఉప్పు లేదని మీ ఆయనకి చెప్పు' అని ఫోన్ పెట్టేసింది. మిగతా అందరూ మావాళ్ళే. అంతెందుకు, మీ ఉదయ్ అన్నయ్య మొన్న పార్కింగ్ లాట్‌లో మా ఆయన చెయ్యి పట్టుకుని 'నా ఓటు నీదే బ్రదర్' అన్నాట్ట!"

బాండీలో ఒక బజ్జీ నల్లబడింది.

"నువ్వు కూడా మాకే వేస్తావు కదూ?" అంది రేణు, కళ్ళల్లో చిలిపి నవ్వుతో.

"తప్పకుండా" అంది వసుమతి.

అన్నాక నాలుక కరుచుకుంది. విజయశ్రీ కోసం చెప్పులరిగేలా తిరుగుతున్న మనిషి, శ్యామ్‌సుందర్ భార్యకి మాటిచ్చేసింది! పైగా "ఇంకో రెండు వేసుకో, వేడిగా ఉన్నాయి" అని కూడా అంది.

రేణు కారు మలుపు తిరిగిందో లేదో ఉదయ్ మేడ మీది నుంచి దిగాడు. పాపం, బజ్జీల వాసనకి వచ్చాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చంతా గెలిచానండీ, ఇంట్లోనే ఓడిపోయాను. శ్యామ్‌సుందర్‌కి మాటిచ్చారట?"

ఉదయ్ చెయ్యి పళ్ళెం మీద ఆగింది. "మాటివ్వడం అంటే... మనం కొత్తగా వచ్చినప్పుడు డ్రైవింగ్ టెస్ట్‌కి తీసుకెళ్ళింది అతనే కదా. చెయ్యి పట్టుకుని అడిగాడు. మొహం మీద కాదని ఎలా అంటాను వసూ?"

"మరి ఓటు?"

"ఓటు నీకే. ఐ మీన్, విజయశ్రీకి. అది వేరు, ఇది వేరు."

"అది వేరు, ఇది వేరు అని మీరంటున్నారు. సంఘంలో రెండు వందల మందీ అదే అంటుంటే?"

కిటికీ దగ్గర కుర్చీలోంచి కోటమ్మ నవ్వింది. "మొహమాటానికి పోతే ఏమైందట..."

"అత్తయ్యా!"

"సామెత నేను పుట్టించానా అమ్మాయ్? సరేలే, సగంలోనే ఆపేస్తాను. లెస్టర్లో నేను నీలం పార్టీ వాళ్ళ కారెక్కి వచ్చిన సంగతి మర్చిపోయావా?"

మర్చిపోవడమా! ఆ రోజు వసుమతి ఎర్ర రిబ్బన్ పువ్వు గుచ్చుకుని, పోలింగ్ బడి గుమ్మంలో వచ్చేవాళ్ళ నంబర్లు రాసుకుంటోంది. వాన కురుస్తోంది. ఇంతలో నీలం పువ్వు కట్టిన పెద్ద కారొచ్చి ఆగింది. టై కట్టుకున్న కుర్రాడు గొడుగు పట్టి తలుపు తీశాడు. అందులోంచి మహారాణిలా దిగింది కోటమ్మ. కామన్వెల్త్ దేశం మనిషి కాబట్టి ఇండియా పాస్‌పోర్టుతోనే అక్కడ ఆవిడకి ఓటుండేది. ఆ దేశాన్ని ఏలేది ఎవరో తేల్చే హక్కు ఉన్న మనిషికి, ఇక్కడి సంఘంలో మాత్రం ఓటు లేదు. అత్తగార్లని సభ్యులుగా రాయరు. సరే, ఆ రోజు కోడలి గుండె ఆగినంత పనయింది. లోపలికెళ్ళి ఓటేసి, మళ్ళీ అదే కారెక్కబోతూ కోటమ్మ కోడలి చెవిలో "కారు వాళ్ళది, ఓటు నాది. నీకే వేశాను. వానలో తడవమన్నావా?" అంది.

"ఆ అబ్బాయికి ఎంత బాగా థాంక్స్ చెప్పానో! ఏలకుల టీ ఇచ్చాను, మర్నాడు జంతికలు కూడా పంపాను" అంది కోటమ్మ. "ఓటు ఎగ్గొట్టాక ఆ మాత్రం పెట్టకపోతే ఎలా?"

వసుమతి బాండీ వైపు తిరిగింది. చేతిలో జల్లిగరిటె, బాండీలో ఇంకా కాగుతున్న నూనె. రేణుకి తను బజ్జీలు ఎందుకు వేసింది? సీతమ్మ పిన్నిగారు వస్తే వేస్తుందా? "టీ పెట్టుకోండి పిన్నిగారూ, నేను బట్టలు మడతపెట్టాలి" అంటుంది. రేణుకి వేసింది, తను వాళ్ళకి ఓటు వెయ్యదు కాబట్టే వేసింది.

"అత్తయ్యా! మీరు జంతికలు పంపింది ఓటెయ్యని పార్టీకి. నేను బజ్జీలు వేసింది ఓటెయ్యని మనిషికి!"

"అయితే?"

"అయితే నా కొంప మునిగింది."

పేపరు లాగేసి కార్డులన్నీ బల్ల మీద పరిచింది. ఏ ఇంట్లో ఏం మాటిచ్చారో వాటి మీద ఉంది. ఏ ఇంట్లో ఏం పెట్టారో రాసుకోలేదు. రాసుకోవడమెందుకు, తెలుగు మనిషికి తిన్నది మర్చిపోయే జబ్బు లేదు. ఒక్కో కార్డూ పట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, రుచి నాలుక మీదికి వచ్చేస్తోంది. జీడిపప్పు పాకం పెట్టి, జాకెట్ ముక్క కూడా ఇచ్చి పంపిన ఇల్లు నీలం. అప్పటికప్పుడు పూరీలు వత్తి, తినేదాకా వదలని ఇల్లు నీలం. "పొద్దుటి ఇడ్లీ రెండున్నాయి, గట్టిపడ్డాయి, తింటావా?" అన్న సీతమ్మ పిన్నిగారు ఎరుపు. మంచినీళ్ళైనా ఇవ్వకుండా గుమ్మంలో నిలబెట్టి, వ్యాన్ ఎవరింటి ముందు పార్క్ చేస్తారని అరగంట దెబ్బలాడిన దత్తాత్రేయ గారు కూడా ఎరుపే. ఆయన మీద ఆ రోజు ఎంత విసుక్కుందో గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది. వ్యాన్ వస్తుందని నమ్మినవాడే కదా, దాని పార్కింగ్ గురించి పోట్లాడేది!

ఆ మధ్యాహ్నానికి నీలం పెన్సిల్ సగమైంది.

ఉదయ్ పక్కన కూర్చుని, నీలం పడ్డ ఇళ్ళల్లో వరంగల్ వైపు వాళ్ళవి రామమోహన్ ఖాతాలో వేసి మొత్తం కూడాడు. అతని ముఖంలోంచి బజ్జీల సంతోషం పోయింది. శ్యామ్‌సుందర్ అందరికన్నా ముందున్నాడు. విజయశ్రీ, రామమోహన్ అతని వెనకాల దాదాపు సమానంగా ఉన్నారు. ఆ ఇద్దరినీ కలిపితే శ్యామ్‌సుందర్ కంటే బాగా ఎక్కువ.

"అంటే అతన్ని వద్దనే వాళ్ళే ఎక్కువ. అయినా అతనే గెలుస్తాడు" అన్నాడు ఉదయ్.

"మొన్న జూన్ ఎన్నికల్లో ఇంగ్లండులో జరిగిందీ ఇదే కదండీ." రేడియోకి చెవి ఆనించి విన్న ఫలితాలు వసుమతికి ఇంకా గుర్తే. నీలం పార్టీకి కిందటిసారి కంటే ఓట్ల శాతం కాస్త తగ్గింది, సీట్లేమో బోలెడు పెరిగాయి. ఎదుటి ఓట్లని లేబర్‌వాళ్ళూ కొత్త కూటమివాళ్ళూ చీల్చుకున్నారు. పావు వంతు జనం ఓట్లేసినా ఆ కూటమికి దక్కింది ఇరవై మూడు సీట్లే. "ఇద్దరూ ఒకే చోట నిలబడితే ఇద్దరూ మునుగుతారు. కూటమిలో ఉన్న రెండు పార్టీలూ ఆ మాత్రం తెలుసుకునే నియోజకవర్గాలు పంచుకున్నాయి, నువ్విక్కడ నేనక్కడ అని. మనకున్నది ఒకటే కుర్చీ, పంచుకోవడానికి లేదు. ఎవరో ఒకళ్ళు తప్పుకోవాలి."

"రామమోహన్ గారు తప్పుకుంటారా?"

"అడగందే ఎలా తెలుస్తుంది?"

"అయితే ఫోన్ చేసి వెళ్ళు."

"ఫోన్ చెయ్యను" అంది వసుమతి, తాళం చెవులు తీసుకుంటూ. అది కూడా మిసెస్ ప్లంకెట్ నేర్పిందే. చెప్పి వెళితే మనిషి తయారై ఉంటాడు, చెప్పకుండా తలుపు కొడితే ఉన్నవాడు ఉన్నట్టు దొరుకుతాడు. కారు కూడా ఇంటి ముందు ఆపకూడదు. వీధి మూల ఆపి నడిచి వెళ్ళాలి.

వెనక నుంచి కోటమ్మ పిలిచింది. "అమ్మాయ్, వాడు టికెట్ సంగతి సోమవారం కనుక్కుంటానన్నాడు. కనుక్కోమందునా, ఆగమందునా?"

ఆవిడ నవ్వుతూనే అడిగింది. గొంతులో మాత్రం నవ్వు లేదు. వసుమతి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఆగమనండి" అని చెప్పి బయటపడింది.

రామమోహన్ ఇల్లు పక్క ఊళ్ళో, హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో. మేపుల్ ఆకులు రాలి ఆ వీధి వీధంతా ఎర్రగా ఉంది. శకునం బాగుందనుకుంది వసుమతి. తలుపు తీసినవాడు రామమోహనే. ఆమెని చూసి ఒక్క క్షణం గోడ గడియారం వైపు చూశాడు. అంతలోనే తేరుకున్నాడు.

"చెల్లె! నువ్వా! రా, లోపటికి రా. మీనా, వసుమతి వచ్చింది చూడు, చాయ్ పెట్టు."

మీనా వంటింట్లోంచి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టీలు గ్లాసులో చాయ్, చిన్న గిన్నెలో సకినాల ముక్కలు పెట్టింది. "అడుగున మిగిలినయి, అన్నీ ముక్కలైనయి, ఏమనుకోకు వసుమతీ" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. వసుమతి ఆ ముక్కల్ని ప్రేమగా చూసుకుంది. ఇన్ని వారాలు ఇన్ని ఇళ్ళు తిరిగితే, విరిగిన సకినాలు పెట్టిన ఇల్లు ఇదొక్కటే.

"అన్నయ్యా, సూటిగా అడుగుతాను. మీరు తప్పుకుని విజయశ్రీ గారికి మద్దతివ్వాలి."

"ఇయ్య."

ఆహా! వసుమతికి లేచి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఎన్నాళ్ళకి విన్నది, ఎదురుగా కూర్చుని కాదు అనే మాట!

"నీకు కోపమొస్తే రానీ చెల్లె, చెప్తనే ఉంట" అన్నాడు రామమోహన్. "మూడేండ్ల సంది మా పోరగాండ్లు పాటలు నేర్చుకుంటున్నరు, స్టేజి మీద ఐదు నిమిషాలియ్యమంటే టైమ్ లేదంటరు. శ్యామ్‌సుందర్ గట్లనే చేసిండు, మీ డాక్టరమ్మ కమిటీల ఉండి చూసుకుంట కూసున్నది. ఇగ ఆ వ్యాన్ ముచ్చట. మొన్న మీటింగ్‌ల ఇంగ్లీష్‌ల అరగంట స్పీచ్ ఇచ్చింది కదా, వ్యాన్ అనే మాట ఒక్కసారన్న వచ్చిందా?"

"చివర్లో అన్నారు..."

"చివర్ల, అందరు బిర్యానీ లైన్ల నిలవడ్డంక!" ఆయన గొంతు తగ్గింది. "మా అమ్మ మ్యాడ మీద కిటికీ కాడ కూసుంటది. ఇయ్యాల ఎన్ని ఎర్ర కార్లు పోయినయో రోజు నాకు చెప్తది. నేను ఆఫీస్ నుంచి వచ్చి గదే ముచ్చట విని, 'అట్లనా అమ్మా' అంట. ఇంకేమనాలె? ఆ వ్యాన్ కోసమైతే నేను ఇయ్యాల్నే తప్పుకుంట. కని నువ్వు చెప్తె కాదు. ఆమె వచ్చి, నా ముందట కూసోని, గెలిస్తే మొట్టమొదటి పని వ్యాన్ అని తన నోటితోని చెప్పాలె."

"అంతేనా?"

"అంతే."

"రేపే తీసుకొస్తాను అన్నయ్యా. ఆవిడ చేత చెప్పిస్తాను." వసుమతికి కళ్ళు చెమర్చాయి. వాళ్ళమ్మ గురించి ఆయన అన్న మాటలకి కొంత, గండం గట్టెక్కినందుకు కొంత. ఇక్కడ దొరికిన "ఇయ్య" తను ఇన్నాళ్ళూ మూటగట్టుకున్న "తప్పకుండా"లన్నిటికన్నా గట్టిది. సోమవారం టికెట్ అడగక్కర్లేదని అత్తగారికి చెప్పొచ్చు.

మీనాకి చెప్పి వెళదామని వంటింట్లోకి నడిచింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

స్టవ్ పక్కన పెద్ద పళ్ళెం. అందులో గారెలు, ఎర్రగా, నడుమ చిల్లులతో, గోపురంలా పేర్చి ఉన్నాయి. పక్కన అల్లం పచ్చడి. ఇంకో గిన్నెలో సేమ్యా పాయసం, పైన నేతిలో వేగిన కిస్‌మిస్‌లు. బాండీలో ఇంకో వాయి వేగుతోంది.

వంట తెలిసిన మనిషికి ఆ పళ్ళెం పుస్తకంలా చదువుకోవడానికి వీలుగా ఉంది. గారెలంటే బజ్జీలు కావు, అప్పటికప్పుడు పిండి కలిపి వెయ్యడానికి. మినప్పప్పు పొద్దున్నే నానబోయాలి. పొట్టు కడగాలి. బ్లెండర్‌లో నీళ్ళు ఎక్కువవకుండా రుబ్బాలి. తను వస్తున్నట్టు వీళ్ళకి తెలియదు. తనకే మధ్యాహ్నం దాకా తెలియదు! మరి పప్పు ఎవరి కోసం నానింది?

"వదినా, ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరు లేరు. ఊకెనే చేసిన" అంది మీనా. చెవులు ఎర్రబడ్డాయి.

ఊరికే పాయసంతో సహా గారెలు చేసుకునే ఇల్లు ఇల్లినాయ్ మొత్తం మీద ఉండదు. వసుమతి మనసులో లెక్క చకచకా కదిలింది. గారెలంటే ఓటు లేనట్టు. ఎవరి కోసం చేశారో వాళ్ళకి మొండిచెయ్యి చూపిస్తారన్నమాట. వచ్చేది శ్యామ్‌సుందరే అయి ఉండాలి! రామమోహన్‌ని తనవైపు తిప్పుకోవడానికి వస్తున్నాడు, పాపం, గారెలు తిని వెళతాడు. ఆ ఊహకి ఆమెకి నవ్వాగలేదు.

బెల్ మోగింది.

మీనా ఒక్కసారిగా వసుమతి భుజం పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెట్టేసింది. "జర కూసోవా, ఇప్పుడు హాల్లకు పోకు" అంది బతిమాలుతూ. హాల్లో తలుపు తెరిచిన చప్పుడు, ఎత్తు మడమల బూట్ల టకటక. ఆ తర్వాత ఒక గొంతు. ఆ గొంతు శ్యామ్‌సుందర్‌ది కాదు.

"సారీ రామమోహన్ గారూ, హాస్పిటల్లో లేటయింది. పొద్దున ఫోన్‌లో చెప్పానుగా, ఇది మన మధ్యే ఉండాలి."

విజయశ్రీ! ఏ మనిషి కోసం వసుమతి ఇన్ని గుమ్మాలెక్కి దిగిందో ఆ మనిషి.

"స్ట్రెయిట్‌గా పాయింట్‌కి వస్తాను" అంటోంది విజయశ్రీ. "మీరు విత్‌డ్రా అవ్వండి. మీ పిల్లలకి స్టేజి మీద ఫస్ట్ ప్రోగ్రామ్ ఇస్తాను. ఇంకోటి. మీకు నాతో అభ్యంతరం ఆ వ్యాన్ వల్లేనని నాకు తెలుసు. ఇన్సూరెన్స్, డ్రైవరు, మెయింటెనెన్స్... బిజినెస్ చేసే మీలాంటి వాళ్ళకి అది వేస్ట్‌లా కనిపిస్తుంది, ఐ అండర్‌స్టాండ్. దాన్ని డ్రాప్ చేసేస్తాను. వసుమతికి మాత్రం ఎలక్షన్ అయ్యేదాకా చెప్పొద్దు. పాపం, చాలా కష్టపడుతోంది."

వంటింట్లో గారె ఒకటి మాడుతున్నా మీనా చూసుకోలేదు. వసుమతికి ముందు చెవులు నమ్మలేదు, తర్వాత మనసు నమ్మలేదు, ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. ఏది కావాలని ఆ మనిషి అడుగుతున్నాడో సరిగ్గా దాన్నే తీసి పారేసి, బేరానికి రమ్మంటోంది! తలుపు కొట్టి ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. అడగకుండానే ఓటరు మనసు చదివేశాననుకునే నాయకులు లెస్టర్లోనూ ఉండేవాళ్ళు. వాళ్ళ గురించి మిసెస్ ప్లంకెట్ అనే మాటలు పత్రికలో అచ్చు వెయ్యడానికి పనికిరావు.

 మేడ మీద కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ ఆ సమయంలో రామమోహన్‌కి గుర్తొచ్చే ఉంటుంది.

చివరికి ఆయన గొంతు వినిపించింది, తేనెలా మెత్తగా.

"తప్పకుండా డాక్టరమ్మా. తప్పకుండా. మీరు చెప్పినంక ఇంకేమున్నది? ముందుగాల గారెలు తినుండ్రి. మీనా!"

అయిపోయింది. విజయశ్రీ ఆ మాట పట్టుకుని సంతోషంగా ఇంటికి వెళుతుంది. వచ్చే ఆదివారం దాకా సంతోషంగానే ఉంటుంది. రామమోహన్ తప్పుకోడు. ఓట్లు చీలతాయి. శ్యామ్‌సుందర్ నవ్వుకుంటూ గెలుస్తాడు. పోనీ ఏదో అద్భుతం జరిగి విజయశ్రీయే గెలిచినా వ్యాన్ రాదు. ఎటు చూసినా కోటమ్మ తెనాలి విమానం ఎక్కుతుంది.

మీనా గారెల పళ్ళెం ఎత్తుకుంది. వసుమతి వైపు చూసి ఆగింది. "ఏమనుకోకు వసుమతీ, గారెలు వచ్చేటోళ్ల లెక్కకే చేసిన. నువ్వు పొద్దటి సంది తినకుండనే తిరుగుతున్నట్టున్నవు. రాత్రి బువ్వ ఉన్నది, పచ్చిపులుసు ఉన్నది. వేసుకొని తిను" అని, జవాబు కోసం చూడకుండా కంచం, గిన్నెలు ఆమె ముందుకి తోసి వెళ్ళింది.

వసుమతి చల్లటి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని ఒక ముద్ద కలిపింది. ఉల్లిపాయ ముక్కలు పంటి కింద కరకరలాడాయి. ఈ దేశం వచ్చాక ఇంత రుచైన ముద్ద తినలేదనిపించింది. ఈ ఇల్లు తనదే, అందులో సందేహం లేదు. తన ఇల్లు కానిదల్లా హాల్లో సోఫా మీద కూర్చున్న తన అభ్యర్థి.

అప్పుడే ఆ అభ్యర్థి గొంతు వినిపించింది. "మీనా గారూ, వీధి మూల మీద వసుమతి కారు లాంటిది చూశాను. ఆమె గానీ ఇటు వచ్చిందా?"

 మీనాకి అబద్ధం చెప్పడం చేతకాదని, "ఎవరు లేరు" అన్నప్పుడే తేలిపోయింది. ఆమె గాజుల చప్పుడు ఆగిపోయింది.

వసుమతి కుడి పక్కన పెరటి తలుపు, గడియ తీసే ఉంది. బయటపడి ఆకుల్లోంచి నడిచి వెళ్ళిపోతే ఎవరూ చూడరు. విజయశ్రీ పరువు నిలుస్తుంది, రామమోహన్ మర్యాద నిలుస్తుంది, స్నేహాలన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. తలుపు దగ్గర వాదించకు అని మిసెస్ ప్లంకెట్ మంత్రం. అయితే ఆవిడ చెప్పింది ఓటర్లతో వాదించొద్దని, నిలబెట్టిన అభ్యర్థితో కాదు.

కోటమ్మ గొంతు గుర్తొచ్చింది. కనుక్కోమందునా, ఆగమందునా?

వసుమతి ముద్ద మింగింది. పచ్చిపులుసు కంచం ఎడమ చేత్తో పట్టుకుని లేచింది, హాల్లోకి నడిచింది. సోఫాలో విజయశ్రీ, చేతిలో గారె, అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రామమోహన్ నేల చూపులు చూస్తున్నాడు. మీనా గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"డాక్టరుగారూ," అంది వసుమతి, "ఆ గారె తినకండి. తిన్నారంటే మీరు ఓడిపోయినట్టే."